రజిత చేసిన పొగ అత్తరు

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోశాను. పెద్దదేం కాదు, నోట్లోంచి రావడానికి క్షణం కూడా పట్టలేదు. "లేదు" అన్నాను, అంతే. ఆ మాటకు నా తమ్ముడి సంసారం కూలిపోయింది. కూల్చింది నేనేనని మొన్న మొన్నటి దాకా ఎవరికీ చెప్పలేదు.

మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసిన వాళ్ల ముందైతే నాకు ఏడుపొస్తుంది. నేను ఏడిస్తే వాళ్లు జాలిపడతారు. వాళ్లు జాలిపడితే నేను చెప్పాల్సింది సగంలో ఆపేస్తాను. ఈసారి ఆపదలుచుకోలేదు. కాబట్టి జాలి పక్కన పెట్టి వినండి.

మాది వరంగల్ బజారులో పూజ సామాన్ల దుకాణం. సాంబ్రాణి, గుగ్గిలం, కర్పూరం, పసుపు, కుంకుమ. నాన్న పోయాక అమ్మ నడిపింది, ఇప్పుడు నేను నడుపుతున్నాను. మొన్నటి దాకా కొన్నేళ్ల పాటు మా దగ్గర ఒక అత్తరు బాగా పోయేది. అందరూ పొగ అత్తరు అంటారు. అందులో పువ్వు వాసన ఒక్కటీ ఉండదు. మూత తీయగానే నిప్పుల మీద నీళ్లు చల్లినట్టు ఒక ఘాటు, ముక్కు కాస్త వెనక్కి తీసుకుంటారు. కాసేపు ఆగితే చెట్టు బంక వాసన. ఒంటి మీద వెచ్చబడిన కొద్దీ లోపలి నుంచి సన్నగా తీపి. అది తెల్లారినా పోదు. ఆడవాళ్లూ కొనేవాళ్లు, మగవాళ్లూ కొనేవాళ్లు. కాలేజీ పిల్లలు "యూనిసెక్స్ కదా ఆంటీ" అని ఇద్దరేసి కలిసి ఒకటే సీసా తీసుకుపోయేవాళ్లు.

కొన్నవాళ్లలో చాలామంది ఒక మాట అనేవాళ్లు. "అక్కా, ఈ సెంటు అచ్చం నీ లెక్కనే ఉన్నది. గట్టిగ, నిమ్మళంగ." నేను నవ్వి సీసాను కాగితంలో చుట్టి ఇచ్చేదాన్ని. గట్టితనమంటారా, సరే, మొండిదాన్నే. నిమ్మళం మాత్రం నా వంశంలోనే లేదు. నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగిన వాళ్లు ఆ మాట వింటే పొట్ట పట్టుకుని నవ్వుతారు.

ఆ అత్తరు నాది కాదు. రజితది. రజిత నా తమ్ముడి భార్య. అప్పట్లో.

కోడలుగా వచ్చిన కొత్తలో ఆమె మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. తక్కువ మాట్లాడేది. అడిగిన దానికి సూటిగా జవాబు చెప్పి ఊరుకునేది. కొత్త కోడలన్నాక కాస్త తలొంచుకోవాలి కదా, ఒంచేది కాదు. అట్లాగని పొగరు కాదు, ఎదురు మాట కాదు. తన పని తాను చేసుకుపోయేది, మనం ఏమన్నా మొహం మార్చేది కాదు. మా అమ్మకు కళ్లల్లో పొగ పడ్డట్టు ఉండేది. కానీ కొన్నాళ్లు పోయాక ఒక చిత్రం జరిగింది. రజిత పుట్టింటికి పోయిన వారం మా ఇల్లు మా ఇల్లులా లేదు. అమ్మ అన్నం ముందు కూర్చుని "ఆ పిల్ల ఎప్పుడొస్తదో" అన్నది. నాకూ అట్లాగే అనిపించింది. అనిపించిందని చెప్పలేదు గానీ.

మీకు మా ముక్కుల గురించి చెప్పాలి. చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మేం సాంబ్రాణి మూటల మధ్య పుట్టి పెరిగాం. మా బట్టలు, మంచాలు, చివరికి అన్నం గిన్నెలు కూడా అదే వాసన. దాంతో ఆ వాసన మాకు తెలియకుండా పోయింది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు "మీ దగ్గర గుడి వాసన వస్తున్నది" అంటే మేం మొహమొహాలు చూసుకునేవాళ్లం. తమ్ముడి సంగతి ఇంకా అన్యాయం. వాడు ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి వ్యాపారి దగ్గర గుమస్తా. ఆ ఘాటుకు వాడి ముక్కు ఏనాడో చచ్చిపోయింది. ఇంట్లో పాలు మాడితే పక్కింటివాళ్లు వచ్చి చెప్పాలి.

రజిత బయటి నుంచి వచ్చింది. ఆమెకు అన్నీ తెలిసేవి. మూట విప్పకముందే ఇది పాత సరుకనేది. నిజంగానే పాతదయ్యేది. దుకాణం వెనక గదిలో మధ్యాహ్నాలు గిరాకీ లేనప్పుడు ఏదో ఒకటి కలుపుతూ కూర్చునేది. కొబ్బరి చిప్పల నిప్పు మీద గుగ్గిలం వేసి, పైన ఇత్తడి గిన్నె బోర్లించి పొగ పట్టించేది. ఆ గిన్నెలో గంధం నూనె పోసి, వట్టివేళ్లు వేసి, మూత పెట్టి రోజుల తరబడి వదిలేసేది. మల్లెపూలు పెట్టుకోవచ్చు కదా, ఈ తిప్పలెందుకన్నాను ఒకసారి. "పూల వాసన పొద్దుగూకే వరకు పోతది వదినె. నాకు ఉండేటిది కావాలె," అన్నది.

ఇక సీసా సంగతి. ఇది చెప్పడానికే నాకు సిగ్గు.

అప్పటికి నేను నా మొగుణ్ని వదిలేసి పుట్టింటికి వచ్చి ఉన్నాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. నేను ఒకదాన్ని ఇంట్లో ఉన్నానన్నట్టే ఉండేవాడు కాదు. గోడతో కాపురం ఎన్నాళ్లు చేస్తాం? వచ్చేశాను. వచ్చిన రోజే బజారంతా వినేట్టు, ఆయన పేరు నా ముందు ఎత్తితే మర్యాద దక్కదని చెప్పాను. ఆయన ఇచ్చిన చీరలు కూడా పంచిపెట్టాను. అందరూ నా పౌరుషాన్ని మెచ్చుకున్నారు. కానీ నా పెట్టె అడుగున ఒక నల్ల సీసా ఉంది. ఆయన గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషన్ సీసా. ఖాళీది. అప్పుడప్పుడు మూత తిప్పి వాసన చూసేదాన్ని. అప్పట్లో నా ముక్కుకు తెలిసే వాసన బహుశా అదొక్కటే.

ఒక మధ్యాహ్నం రజిత చూసేసింది. నవ్వలేదు, ఎందుకని అడగలేదు. నా పక్కన కూర్చుంది. కాసేపటికి నేనే ఆ సీసా ఆమె చేతిలో పెట్టాను, ఎక్కడైనా పారెయ్యమన్నాను. ఆమె పారెయ్యలేదు. కుంకుడు రసంతో కడిగి, ఎండబెట్టి, తను చేసిన అత్తరు అందులో పోసి తెచ్చి చూపించింది. ఇప్పుడు ఇది ఆయన సీసా కాదు వదినె, అన్నది. నా మణికట్టు మీద ఒక చుక్క రాసి, ఘాటు దాటి లోపలి తీపి దాకా వాసన ఎట్లా పట్టాలో నేర్పింది. ఇన్నేళ్లలో నా కోసం ఎవరైనా చేసిన మంచి పని ఏదని అడిగితే నేను దాన్నే చెప్తాను. ఆ మనిషికే నేను తిరిగి ఏం చేశానో ఇప్పుడు వినండి.

మా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. పొద్దున తలుపులు తెరవగానే మొదటి ధూపం ఎవరు వేస్తారో, ఆ రోజు గల్ల పెట్టె ముందు వాళ్లే కూర్చోవాలి. తాత కాలం నుంచి అంతే. నాన్న పోయాక అమ్మ వేసేది. నేను వచ్చాక నాకు ఇచ్చింది. మొగుడు లేడు, పిల్లలు లేరు, నాకంటూ ఉన్నది ఆ ధూపం గిన్నె, ఆ గల్ల. అక్కడ కూర్చుంటే నేను ఒక మనిషిని. కానీ నా నోటి సంగతి చెప్పాను కదా. "నోరా వీపుకు తేకే" అన్న సామెత నా కోసమే పుట్టింది. గిరాకీవాళ్లతో తగాదాలు. కుంకుమ రంగు తక్కువుందన్న ముసలమ్మను కూడా వదల్లేదు. ఆ ఏడు మేడారం జాతర దగ్గర పడింది. మాకు అదే పెద్ద గిరాకీ. అమ్మ ఒకరోజు అన్నం తినేటప్పుడు మామూలుగా చెప్పేసింది, వచ్చే శుక్రవారం నుంచి ధూపం రజిత వేస్తుందని, నన్ను జర ఆరాం చేయమని.

నేను సరేనన్నాను. 

అదే వారంలో పక్కింటావిడ అమ్మతో ఒక మాట అన్నది. మీ కోడలి దగ్గర మగవాళ్ల సెంటు వాసన వస్తున్నదేమిటని. ఆవిడ అన్నది అంతే. ముక్కు లేని ఇంట్లో చెవులు మాత్రం బాగా పని చేస్తాయి. అమ్మ రజిత బీరువా వెతికింది. చీరల మడతల్లో నల్ల సీసా దొరికింది. తమ్ముడు మార్కెట్ నుంచి అప్పుడే వచ్చాడు, మెడలో తువ్వాల కూడా తీయలేదు. అమ్మ సీసాను నడింట్లో పెట్టింది.

"గిది ఎవలిది?"

"నాదే అత్తమ్మా," అన్నది రజిత. "లోపటిది నేనే చేసిన. మన దుకాణంల గుగ్గిలం, సాంబ్రాణి. వాసన చూడుండ్రి, మీకే తెలుస్తది."

అమ్మ చూసింది. తమ్ముడు చూశాడు. వాళ్లు అబద్ధమాడలేదు, ఈ మాట నేను ఒట్టేసి చెప్తాను. పొద్దస్తమానం పీల్చే సరుకు వాసన వాళ్లకు నిజంగానే తెలియలేదు.

"సాంబ్రాణి వాసన ఏడున్నది ఇందుల?" అన్నాడు తమ్ముడు. "మగోళ్లదని సీసా మీద రాసే ఉన్నది. ఎక్కడిది ఈ సీసా?"

"వదినె ఇచ్చింది."

అమ్మ నా వైపు తిరిగింది. "ఇచ్చినవా బిడ్డా?"

"లేదు," అన్నాను. "నాకేం ఎరుక లేదు."

రజిత నన్ను చూసింది. "వదినె," అన్నది. బతిమాలినట్టు కాదు. తప్పిపోయిన మనిషిని పిలిచినట్టు. 

లేదని ఎందుకన్నాను? చాలా ఏళ్లు నాకు నేను ఒక జవాబు చెప్పుకున్నాను. సిగ్గుపడి అన్నానని. ఔను అంటే ఆ సీసా ఎవరిదో చెప్పాలి, పేరెత్తితే మర్యాద దక్కదన్న మొగుడి సీసాను పెట్టె అడుగున దాచుకున్నానని తమ్ముడి ముందు ఒప్పుకోవాలి, బజారు మెచ్చుకున్న నా పౌరుషమంతా ఒట్టి డొల్ల అని తేలిపోతుంది, అందుకే నోరు అట్లా తిరిగిందని. వినడానికి బాగుంది కదా? కొంచెం జాలి కూడా కలుగుతుంది. అందుకే ఆ జవాబును అన్నాళ్లు పట్టుకు వేలాడాను.

అది నిజంలో సగం కూడా కాదు. అమ్మ "ఇచ్చినవా బిడ్డా" అని అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది సీసా కాదు. శుక్రవారం. ధూపం గిన్నె పట్టుకుని దుకాణం అంతా తిరుగుతున్న రజిత. లేదు అంటే ఆ శుక్రవారం రాదు. ఇది నాకు ఆ క్షణంలోనే తెలుసు. తెలిసే అన్నాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నన్ను ఎవరు పట్టుకుంటారు?

పెద్దమనుషుల పంచాయితీ అయింది. సీసాను మధ్యలో పెట్టారు. నన్ను మళ్లీ అడిగారు. నేను మళ్లీ లేదన్నాను. మొదటిసారి కొంచెం తడబడ్డాను. రెండోసారి అదీ లేదు. రజిత చెప్పిందే చెప్పింది, ఒక్క అక్షరం మార్చలేదు, ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. ఏడవకపోవడమే ఆమెకు చేటైంది. తప్పు చేయని ఆడది ఇట్లా కూర్చుంటదా అన్నాడు ఒక పెద్దాయన. ఆమె అత్తరు చూడండి, ఆమె కూడా అంతే కదా అని ఇప్పుడు అనుకుంటాను. మొదటి ఘాటుకే వాళ్లు ముక్కు తిప్పుకున్నారు. లోపలి తీపి దాకా ఆగే ఓపిక ఎవరికీ లేకపోయింది. అది తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. నేను కూడా ముక్కు తిప్పుకున్నట్టు నటించాను.

ఆమె వెళ్లిపోయింది. విడాకుల కాగితాలు రాసుకున్నారు. తమ్ముడు మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అమ్మ సంబంధాలు తెచ్చినప్పుడల్లా మార్కెట్లో పని ఉందని లేచిపోయేవాడు. శుక్రవారం ధూపం నేనే వేశాను. ఆ మేడారం గిరాకీ నేనే చూసుకున్నాను. గిరాకీవాళ్లతో తగాదా పడటం కూడా మానేశాను, అదేం చిత్రమో. నోరు లేవలేదు.

ఇంకో తప్పు ఉంది. మొదటిదాని కడుపున పుట్టిందే. కొన్నేళ్లకు ఆ అత్తరు నేను చేశాను. కొబ్బరి చిప్పలు, బోర్లించిన గిన్నె, వట్టివేళ్లు, అన్నీ గుర్తున్నాయి. ఆమె మీద ప్రేమతో చేశానని మీకు చెప్పాలని ఉంది. ఏమో, కొంత అదీ ఉందేమో. కానీ సీసాల్లో పోసి అమ్మింది నేను. అచ్చం నీ లెక్కనే ఉందంటే నవ్వింది నేను. ఆమె కాపురం తీసుకున్నది చాలక ఆమె గుణం కూడా ఒంటికి రాసుకుని తిరిగాను.

ఇదంతా ఇట్లాగే సాగిపోయేది. ఈమధ్య ఒక అమ్మాయి ఫోను పట్టుకుని దుకాణానికి వచ్చింది, అత్తరు మీద వీడియో తీస్తానని. ఈ సెంటు ఒక మనిషైతే ఎట్లాంటి మనిషి అని అడిగింది. నేను చెప్పుకుంటూ పోయాను. మొదట్లో ఎవరికీ నచ్చదు, తక్కువ మాట్లాడుతుంది, మొహం మార్చదు, ఉన్నప్పుడు తెలియదు, లేనప్పుడు ఇల్లంతా తెలుస్తుంది. అమ్మాయి సంతోషపడి వెళ్లింది. రెండు మూడు రోజులకు ఆ వీడియో తమ్ముడి ఫోనుకు వచ్చింది. అన్నం తింటూ చూశాడు. చూసి, నా వైపు చూడకుండానే, రజిత గుర్తొచ్చింది అక్కా అన్నాడు. ఆమె పేరు వాడి నోట అన్నేళ్లకు వినడం అదే. కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

ఇక చాలు అనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. అయినా పట్టుకోవాలి.

నర్సంపేట బస్సెక్కాను. రజిత అక్కడ బట్టలు కుట్టే దుకాణం పెట్టుకుంది. నన్ను చూసి మిషను ఆపింది. స్టూలు చూపించింది. ఆమె దగ్గర ఏ వాసనా రాలేదు, కొత్త బట్ట వాసన తప్ప. నేను కూర్చోకుండానే చెప్పేశాను. సీసా నేనిచ్చానని, గల్ల కోసం అబద్ధమాడానని, ఆ అత్తరు అమ్ముకుని బతుకుతున్నానని. ఆమె అంతా విన్నది.

"నాకెందుకు చెప్తానవ్ వదినె?" అన్నది. "నాకు తెల్వనిదా? తెల్వనోళ్లకు చెప్పు."

అలవాటు కొద్దీ వదినె అన్నది. అన్నాక పెదవి కొరుక్కుని మిషను మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది. నేను క్షమించమని అడుగుదామనుకున్న మాట నోట్లోనే ఉండిపోయింది. నిజమే కదా. ఆమెకు చెప్పడంలో నాకు పోయేదేముంది? ఆమె ముందు ఏడ్చి, బరువు అక్కడ దింపేసి, బస్సెక్కి వచ్చేద్దామనుకున్నాను. దింపనివ్వలేదు.

వచ్చిన సాయంత్రమే అమ్మనూ తమ్ముణ్నీ కూర్చోబెట్టి చెప్పాను. మొదటి నుంచి, ఏదీ మెత్తబరచకుండా. తమ్ముడు ఒక్కటే అడిగాడు, ఎందుకని. గల్ల కోసమని చెప్పాను. సిగ్గు కథ చెప్పలేదు. వాడు లేచి చెప్పులేసుకుని బయటికి పోయాడు. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. నర్సంపేట పోయాడో లేదో నాకు తెలియదు, అడిగే హక్కు లేదు. అమ్మ మాత్రం, నా చేత్తోటి పాపం చేయిస్తివి కదనే అని ఏడ్చింది. ఔనమ్మా, చేయించాను అన్నాను.

తర్వాతి రోజు నుంచి ఆ పంచాయితీలో కూర్చున్న పెద్దమనుషుల ఇళ్లకు ఒక్కొక్కరి దగ్గరికీ పోయాను. ఒకాయన పోయాడు, ఆయన కొడుక్కి చెప్పాను. ఒకాయన ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ అని టీ తాగమన్నాడు. తాగలేదు. ఏడవని ఆడదాన్ని తప్పుపట్టిన ఆ పెద్దాయన మంచంలో ఉన్నాడు. విని గోడ వైపు తిరిగాడు. పక్కింటావిడకూ చెప్పాను. అత్తరు చేయడం ఆపేశాను. ఉన్న సీసాలు అరల్లోంచి తీసేశాను. అది ఏదని అడిగినవాళ్లకు, అది చేసిన మనిషి ఇక్కడ లేదు, లేకపోవడానికి కారణం నేను అని చెప్తున్నాను. కొందరు గమ్మున పసుపు, కుంకుమ తీసుకుని పోతారు. కొందరు మళ్లీ రావడం లేదు. గిరాకీ తగ్గింది. తగ్గనీ.

ఇంకొకటి మిగిలింది. ఇది ఎవరితోనూ అనలేదు. తమ్ముడు బయటికి పోయిన ఆ రాత్రి, అమ్మ పక్క గదిలో ఏడుస్తుండగా, నేను నా మంచం మీద పడుకున్నాను. నిద్ర రాదనుకున్నాను. రాకూడదు కూడా. వచ్చింది. ఇన్నేళ్లలో ఎన్నడూ లేనంత గాఢంగా పడుకున్నాను. తెల్లారి లేచాక నా మీద నాకే సిగ్గేసింది. అయినా పడుకున్నాను. ఇకపై ఏదీ దాచనని అనుకున్నాను కాబట్టి, అది కూడా చెప్తున్నాను.